ఊరు చేరిన సిపాయి

మన పట్టణములలో విశ్రాంత సైనికుడు లేని వీథి అరుదు. తెల్లవారకమునుపే లేచి మంచినీళ్ళ కుళాయికడ వరుస నిలుపువాడు, పాఠశాల మైదానమున కుఱ్ఱవాండ్రను పరుగెత్తించువాడు, ఆగస్టు 15వ తేదీని పతాకమును ముడివేయుట ఎవరికిని చేతకానప్పుడు కబురంపి పిలిపింపబడువాడు అతడే. ఆ దినమున నొక పూలదండయు నొక శాలువయు అతనికి ముట్టును. తక్కిన దినములలో అతడు మనకు జ్ఞప్తికి వచ్చుట సైనికుల క్యాంటీనులో చౌకగా దొరకు సీసాల కొఱకే. ఈ మాట కటువుగా నుండవచ్చును. కాని పఠనమందిరమున దీనిని చదువు పెద్దలు గుండెపై చేయివైచుకొని ఇది అబద్ధమని చెప్పగలరేమో విచారించుకొందురు గాక.

సైన్యముతో మన సీమకు గల సంబంధము నిన్న మొన్నటిది కాదు. పశ్చిమగోదావరి జిల్లాలో తాడేపల్లిగూడెము చేరువనున్న మాధవరమును జనులు మిలిటరీ మాధవరమనియే పిలుచుచున్నారు. రెండు ప్రపంచయుద్ధములకును ఆ గ్రామము తన బిడ్డలను పంపెను. స్వాతంత్ర్యము వచ్చిన పిదపను పంపుచునే యున్నది. రెండవ ప్రపంచయుద్ధము ముగియునాటికి భారతసైన్యము ఇంచుమించు 25 లక్షల మందితో నుండెను. నిర్బంధపు చట్టమేదియు లేకయే వారందఱును చేరిరి. ఏల చేరిరి? కొందఱు శౌర్యముచేత, పెక్కండ్రు కఱవుచేత, అప్పులచేత, ఇంట నాలుగు నోళ్ళు కనిపెట్టుకొని యుండుటచేత. సిపాయి పంపిన మనియార్డరుతో ఎన్ని యిండ్లలో పొయ్యి వెలిగెనో, ఎందఱు చెల్లెండ్రకు పెండ్లిండ్లయ్యెనో, ఎన్ని తాకట్టులు విడిపింపబడెనో ఊరి పోస్టుమేనుకు తెలియును. దేశసేవకును గృహసేవకును వైరము గలదని వేదికలపై నుపన్యసించువారు సిపాయి బ్రతుకును ఒక్కమాఱు చూడవలెను. అతనికి రెండును ఒక్కటియే.

ఇందు అతని యిల్లాలి పాలు మఱవరానిది. భర్త సరిహద్దున నుండగా అత్తమామలకు మందులు, బిడ్డలకు చదువు, పొలమునకు కౌలుదారు, ఇంటికి కప్పు, ఇవన్నియు ఆమెయే చూచుకొనెను. ఏడాదికొకమాఱో రెండుమాఱులో సెలవుపై వచ్చిన తండ్రిని చూచి పసిబిడ్డ బెదరి తల్లి వెనుక దాగుట సిపాయి గృహములలో సామాన్యము. పతకము ఒక్కని ఱొమ్మున వ్రేలాడును; దానిని సంపాదించినవారు ఇద్దఱు.

ఇట్టివాడు ఎప్పుడు ఇల్లు చేరుచున్నాడు? సిపాయికి పింఛను రావలెనన్న కనీసము 15 ఏండ్లు కొలువు చేయవలెను. సైన్యమునకు యువకులే కావలయును గనుక పెక్కుమంది సిపాయీలు నలువది యేండ్లకు అటునిటుగా వెలుపలికి వచ్చుచున్నారు. గుమాస్తా పెద్ద గుమాస్తా యగు వయస్సున, వకీలునకు పేరు వచ్చు వయస్సున, సిపాయి పదవి ముగించుకొని పెట్టె దించుకొనుచున్నాడు. అప్పటికి బిడ్డలు చదువులలో నుందురు, తల్లిదండ్రులు మంచము పట్టియుందురు, ఖర్చు శిఖరముననుండును. కేంద్రప్రభుత్వ శాఖలలో గ్రూపు సి యుద్యోగములందు నూటికి 10, పూర్వపు గ్రూపు డి యుద్యోగములందు నూటికి 20 మాజీ సైనికులకు ప్రత్యేకింపబడినవి. ఐనను చిన్న పట్టణమున అతనికి తఱచుగా దొరకునది బ్యాంకు వాకిట కాపలా. పొగ వెలువడని పొయ్యిపై మంచు కరగించుకొని త్రాగి కొండకొమ్మున తుపాకి పట్టి నిలిచినవాడు ఇచ్చట చల్లగది తలుపు తెఱచి సలాము చేయుచున్నాడు. ఏ పనియు హీనము కాదు. కాని యంత్రములను బాగుచేయ నేర్చినవానిని, తంతివార్తలు నడపినవానిని, గాయములకు కట్లు కట్టినవానిని, నూఱుమందికి వేళకు అన్నము పెట్టించినవానిని తలుపుకడ నిలుపుట పట్టణమునకే నష్టము.

హక్కుల మాట కొంత చెప్పవలసియున్నది. ఒకే హోదాలో సమానకాలము పనిచేసినవారికి, వారెప్పుడు విరమించినను, సమానమైన పింఛను ఇయ్యవలెనను న్యాయము 1973 వఱకును ఏదోయొక రూపమున నుండెను; ఆ యేట తొలగింపబడెను. దానిని మరల సంపాదించుటకు వృద్ధసైనికులు దశాబ్దముల కొలది అర్జీలు పెట్టుకొనిరి. 2015లో ఢిల్లీ నగరమున జంతర్ మంతర్‌కడ ఎండలో కూర్చుండిరి. ఆ సంవత్సరము నవంబరులో ఉత్తరువు వెలువడెను. 2014 జూలై 1వ తేదీనుండి అది అమలు చేయబడెను. నలువదేండ్లకు పైబడిన ఈ ఎడమలో కన్నుమూసినవారికి ఆ యుత్తరువు ఏ శ్మశానమున చదివి వినిపింతుము?

ఉత్తరువు వచ్చినంతనే బాధ తీరునని తలపరాదు. పింఛను వ్యవహారమిపుడు కంప్యూటరు నెక్కినది. సంవత్సరమునకొకమాఱు తాను బ్రతికియున్నానని ముసలి సిపాయి నిరూపించుకొనవలెను. వ్రేలిముద్రలు అరిగిపోయినవానికి, పేరులో నొక యక్షరము పొరపడినదానికి, భర్త పోయిన పిదప కుటుంబపు పింఛను కొఱకు తిరుగు వితంతువునకు, ఆ యంత్రము నెదుట నిలుచుట శత్రువు నెదుట నిలుచుటకంటె కష్టముగ నున్నది. 2003లో నేర్పడిన మాజీసైనికుల వైద్యపథకము మేలైనదే; కాని వైద్యశాల దూరపు నగరముననున్నచో మోకాళ్ళనొప్పులవానికి బస్సుప్రయాణమే మఱియొక రోగము.

పొలముల తగవులు వేఱు. 1925లోని భారత సైనికుల వ్యాజ్యముల చట్టము యుద్ధమునందును అట్టి ప్రత్యేక పరిస్థితులయందును కొలువులోనున్న సిపాయికి, అతడు లేని సమయమున దావా నడచి నష్టపోకుండ కొంత రక్ష కల్పించినది. న్యాయవాదులైనను అందఱును దీని నెఱుగరు. కొలువు ముగించి వచ్చి చూచుకొనునప్పటికి గట్టు జరిగిన పొలమును, దాయాదులు కలుపుకొన్న వాకిలిని చూచి నిలిచినవానికి ఆ రక్షయు చాలదు.

ఈ సందర్భమున మా వృత్తివారికి ఒక పూర్వోదాహరణము జ్ఞాపకము చేయుదుము. 1945 నవంబరున ఎఱ్ఱకోటలో ఆజాద్ హింద్ ఫౌజు అధికారులపై విచారణ జరిగినపుడు భూలాభాయి దేశాయి ఆరోగ్యము చెడియుండియు వారి పక్షమున వాదించెను. జవహర్లాలు నెహ్రూ ఎన్నడో విడిచిన బారిష్టరు గౌనును మరల తొడిగెను. దేశమంతయు జేజేలు పలికెను. కాని స్వాతంత్ర్యము వచ్చిన పిదప ఆ సైనికులు తిరిగి సైన్యమున చేర్చుకొనబడలేదు. స్వాతంత్ర్యయోధుల పింఛను 1972 వఱకు రాలేదు. జేజేలు ఒక్క దినమున ముగియును. జీవనము దినదినమును నడువవలెను. ఈ రెంటికి నడుమనున్న అగాధమును పూడ్చుటయే మన పని.

సేద్యగాడు, ఉపాధ్యాయుడు, పారిశుద్ధ్యపు పనివాడు దేశసేవకులు కారా, సిపాయికే ఈ యగ్రపూజ ఏల అని కొందఱు ప్రశ్నింపవచ్చును. ప్రశ్న న్యాయమైనదే. మేము పూజ కోరుట లేదు. పూజ చాలునని తలచుటయే దోషమనుచున్నాము. సిపాయి ప్రాణముతోపాటు పడుచుదనమును ముందుగనే చెల్లించి నడివయస్సున తిరిగివచ్చును. ఆ లెక్క సరిచేయుట దయ కాదు, బాకీ. ఆ బాకీ తీర్చుటలో పట్టణమునకే లాభమున్నది.

ఇక రాబోవు కాలమున ఈ సమస్య మఱింత పెద్దది కానున్నది. 2022లో ప్రవేశపెట్టబడిన అగ్నిపథము ననుసరించి యువకుడు నాలుగేండ్లు కొలువు చేయును. జట్టులో నూటికి 25 మందికి మించకుండ నిలుపుకొని, తక్కినవారిని రమారమి పదునొకండున్నర లక్షలకు పైబడిన సేవానిధినిచ్చి పంపుదురు. వారికి పింఛను లేదు. మొదటి జట్టు 2023 జనవరిలో శిక్షణలో ప్రవేశించెను. ఇరువదియేండ్లు దాటీ దాటకయే క్రమశిక్షణయు, బలమును, చేతిలో కొంత సొమ్మును గల యువకులు ఏటేట మన వీథులకు తిరిగివచ్చుట ఈ యేర్పాటు ఫలము. వారిని ఆహ్వానించుటకు వ్యాపారము చూపువాడు ముందు నిలుచునా, వడ్డీవ్యాపారియు జూదరియు ముందు నిలుతురా అనునది ఢిల్లీ నిర్ణయింపదు. మన పట్టణమే నిర్ణయించును.

కావున చేయదగిన పనులు కొన్ని విన్నవింతుము. ప్రతి పురపాలక సంఘమును తన యెల్లలోని మాజీ సైనికుల పట్టికను, వారెఱిగిన విద్యలతో సహా సిద్ధపఱచి యుంచవలెను. వరద వచ్చినను, తుపాను వచ్చినను మొదట కబురు వారికి పోవలెను. ప్రతి పఠనమందిరమున వారమునకొక సాయంకాలము చదువుకొన్న యువకులిద్దఱు కూర్చుండి సిపాయీల, వారి వితంతువుల కాగితములు పూర్తిచేసి పెట్టవలెను. ప్రతి న్యాయవాదియు సంవత్సరమున ఒక్క సైనికుని వ్యాజ్యమునైనను రుసుము లేక నడుపవలెను. వర్తకులు, కర్మాగారములవారు తలుపుకడనే గాక తలుపు లోపలను అతనికి పని చూపవలెను. వీనిలో దేనికిని శాసనసభ అనుమతి అక్కఱలేదు. పెద్ద ధనమును అక్కఱలేదు.

దేశమును కాచుట ఎట్లో సిపాయికి మనము నేర్పనక్కఱలేదు. అతనిని కాచుట మనము నేర్చుకొనవలసి యున్నది. డిసెంబరు 7వ తేదీని పతాకదినమున డబ్బాలో నాణెమును వేసి చేతులు దులుపుకొనుటతో ఆ విద్య ముగియదు. అది ప్రారంభము మాత్రమే.