ఆన్‌క్లిక్ పీకేస్తే సరిపోతుందా?

మొన్నామధ్య ఒక క్లయింటు దగ్గర పాత బిల్లింగ్ పేజీ బాగుచేసే పని తగిలింది. ‘పే’ బటన్ ఒక్కసారి నొక్కితే కార్డు మీద రెండుసార్లు ఛార్జ్ పడుతోంది. తీరా చూస్తే, బటన్ ట్యాగులోనే ఎవరో ఎప్పుడో రాసిన ఆన్‌క్లిక్ ఒకటి. అది చూసుకోకుండా, తర్వాతివాళ్ళు టేబుల్ మొత్తానికీ యాడ్‌ఈవెంట్‌లిజనర్‌తో తగిలించింది ఇంకొకటి. దేని పని అది చేసుకుపోతోంది.

ముందు రిమూవ్‌ఈవెంట్‌లిజనర్ వాడి చూశాను. ఉలుకూ పలుకూ లేదు. అది యాడ్‌ఈవెంట్‌లిజనర్‌తో తగిలించినవాటినే తీస్తుంది, ట్యాగులో రాసినదాని జోలికి పోదు. సరేనని బటన్ ఆన్‌క్లిక్‌కి నల్ ఇచ్చాను. జబ్బు కుదిరిందనుకుని ఇంటికెళ్ళాను.

వారం తిరక్కుండా మళ్ళీ అదే ఫిర్యాదు. ఆ పేజీలో ‘ఇంకో బిల్లు’ నొక్కితే పాత వరుసని క్లోన్‌నోడ్‌తో నకలు తీసి కింద చేరుస్తారు. నల్ ఇస్తే హ్యాండ్లర్ పోతుంది గానీ ట్యాగులో రాసిన ఆట్రిబ్యూట్ అలాగే ఉంటుంది. నకలులో దానికి మళ్ళీ ప్రాణం వచ్చింది. రిమూవ్‌ఆట్రిబ్యూట్ వాడి ఉంటే రెండూ పోయేవి.

అయితే నన్నడిగితే అదీ పైపూతే. మన స్క్రిప్టు నడిచేలోపే వాడుకరి బటన్ నొక్కేయవచ్చు. ఇమేజ్ ట్యాగులో ఎవరైనా దొంగతనంగా పెట్టిన ఆన్‌ఎర్రర్ అప్పటికే నడిచిపోయి ఉండవచ్చు. కాబట్టి సెక్యూరిటీకి ఈ పద్ధతిని నమ్ముకోకూడదు. సర్వరు నుంచి కంటెంట్ సెక్యూరిటీ పాలసీ పంపి స్క్రిప్టులని కట్టడి చేస్తే, మనం ప్రత్యేకంగా అనుమతిస్తే తప్ప ఇన్‌లైన్ హ్యాండ్లర్లని బ్రౌజరే నడపదు. ఆ అనుమతి పేరే ‘అన్‌సేఫ్ ఇన్‌లైన్’. ఇంతకన్నా స్పష్టంగా ఎవరు చెబుతారు?

యాడ్‌ఈవెంట్‌లిజనర్ 2000లోనే డబ్ల్యు3సి ప్రమాణాల్లో చేరింది. ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్‌కి మాత్రం 2011లో, తొమ్మిదో వెర్షన్‌తో గానీ రాలేదు. అప్పటిదాకా ట్యాగులో రాసినవాళ్ళని తప్పుపట్టలేం. ఇప్పుడు ఆ సాకు లేదు.

“పాత కోడు ముట్టుకోకండి, గంటలు పెరుగుతాయి” అని మేనేజర్లు అనడం మనకి కొత్త కాదు. మనమూ ఒక లైను రాసి, టైమ్‌షీట్ నింపి, తర్వాతి ప్రాజెక్టుకి వెళ్ళిపోతాం. ఈసారి మాత్రం నాలుగు రోజులు అడిగి తీసుకుని, టెంప్లేట్లన్నీ వెతికి, హ్యాండ్లర్లని ట్యాగుల్లోంచి తీసి ఒక ఫైల్లో పెట్టాను. ఆ పేజీలో రెండుసార్లు పోయేది ఎవరి కష్టార్జితమో మనకి తెలియదు. తెలియదు కాబట్టే మరింత జాగ్రత్తగా ఉండాలి.