అద్దె సాఫ్ట్‌వేర్: ఖాతాల తాళం ఎవరి చేతిలో?

బిలాస్‌పూర్ స్టేషన్‌లో రిజర్వేషన్ గుమాస్తా ఎదుటి యంత్రంలో ఏ రైలు బెర్తుల చిట్టా ఉండదు. అది దూరాన ఉన్న కేంద్ర కంప్యూటర్‌లో ఉంటుంది. వ్యాపార సంస్థలకు నెలసరి అద్దెపై లభిస్తున్న క్లౌడ్ సాఫ్ట్‌వేర్ సూత్రం కూడా దాదాపు ఇదే. అమెరికాలో 1999లో స్థాపితమైన సేల్స్‌ఫోర్స్ ఈ పద్ధతికి ప్రాచుర్యం కల్పించగా, మన దేశంలో జోహో వంటి సంస్థలు దానిని చిన్న వ్యాపారుల చెంతకు తెచ్చాయి.

2003లో ఆగ్నేయ మధ్య రైల్వే జోన్ కేంద్రంగా మారిన ఈ పట్టణంలో తెలుగు రైల్వే కుటుంబాలు తరతరాలుగా ఉన్నాయి. ఇక్కడి చిన్న గుత్తేదారుకు, సరఫరాదారుకు టెండరు నుంచి జీఎస్టీ రిటర్ను వరకు అంతా ఆన్‌లైన్‌లోనే. సొంత సర్వర్ కొనడం, దానిని కనిపెట్టుకుని ఉండడం వారికి తలకు మించిన భారం. అద్దె పద్ధతి ఆ భారాన్ని తప్పిస్తున్న మాట నిజం.

అయితే అద్దె ఆగిన నాటి మాటేమిటి? ఆకర్షణీయమైన ప్రకటనల్లో ఆ ఊసు సాధారణంగా కానరాదు. జీఎస్టీ చట్టం ప్రకారం ఖాతా పుస్తకాలను వార్షిక రిటర్ను గడువు తేదీ నుంచి 72 నెలల పాటు భద్రపరచాలి. ఒప్పందమో, నెలకో ఏడాదికో పరిమితం. చెల్లింపు నిలిచి లెక్కలు అందకుండా పోతే, అధికారికి సమాధానం చెప్పవలసినది వ్యాపారే గాని సాఫ్ట్‌వేర్ సంస్థ కాదు. ఎలక్ట్రానిక్ ఖాతాల బ్యాకప్ ప్రతిదినం దేశంలోని సర్వర్లలో ఉండాలని 2022లో కేంద్రం విధించిన నియమం కంపెనీల చట్టం కిందిది. సొంత దుకాణాలకు, సాధారణ భాగస్వామ్య సంస్థలకు అది వర్తించదు.

కనుక లెక్కలను ఏ రూపంలో, ఎన్ని రోజుల్లో తిరిగి అప్పగిస్తారో సంతకానికి ముందే వ్రాయించుకోవడం అవసరం. నెలనెలా ఒక ప్రతిని సొంత డిస్కులోకి దించుకుని, అది మరో ప్రోగ్రాంలో తెరుచుకుంటున్నదో లేదో అప్పుడే పరీక్షించుకోవాలి.