వలసపక్షుల గణన – దేశముల ఉమ్మడి బాధ్యత

శరదారంభమున అలాస్కా తీరమును విడిచిన గాడ్విట్ పక్షి, నడుమ నెచ్చటను వాలక, ఆహారపానీయములు లేకయే పసిఫిక్ మహాసముద్రమును దాటి న్యూజీలాండు చేరుచున్నదని 2007వ సంవత్సరమున ఉపగ్రహ ప్రసారిణుల సాయమున శాస్త్రజ్ఞులు నిరూపించిరి. 2022లో ఆ యేట గ్రుడ్డు వెడలిన పిల్లయొకటి 11 దినములలో 13,500 కిలోమీటర్లకు మించి యెగిరి టాస్మేనియాలో దిగినది. ఇంతటి శక్తిగల పక్షికి సైతము, గూడు కట్టుకొనుటకై ఉత్తరమునకు మరలునపుడు, ఒక విడిది లేనిదే గతి లేదు. చైనా, కొరియా దేశముల నడుమనున్న పసుపు సముద్రపు బురదనేలలే ఆ విడిది.

మహానదులు తెచ్చిపోయు ఒండ్రుతో నేర్పడి, పోటున మునిగి ఆటున తేలు ఈ నేలలయందు గుల్లపురుగులును నత్తలును అపారముగ పెరుగును. వానిని తిని పక్షులు కొన్ని వారములలో మిగిలిన పయనమునకు చాలినంత క్రొవ్వును కూడబెట్టుకొనును. ప్రభుత్వముల కంటికి మాత్రము అవి పంటకు రాని వృథాభూములుగ తోచినందున, రేవులకును కర్మాగారములకును సేద్యమునకును పూడ్చబడుచు, అర్ధశతాబ్దిలో మూడింట రెండువంతుల వరకు అంతరించెనని పరిశోధకులు అంచనా వేసిరి. దక్షిణ కొరియాలోని సేమన్‌గుమ్ వద్ద 33 కిలోమీటర్ల అడ్డుకట్ట 2006లో సముద్రమును మూసివేయగా, అచ్చట వేలకువేలుగ మేయుచుండిన గ్రేట్ నాట్ పక్షులు కానరాకపోయెను.

అవి ప్రక్కతీరములకు తరలిపోయియుండునని కొందరు ఆశించిరి. కాని పొరుగు తీరములందు వాని సంఖ్య తగినంత పెరుగలేదు. శీతకాలము గడపు ఆస్ట్రేలియా తీరములందును తగ్గినది. ఈ రెండు కొసల లెక్కలను జోడించినప్పుడే అవి తరలిపోలేదు, నశించినవను సత్యము తేటపడెను. ఎగువ గ్రామమున చెరువుగట్టు తెగిన దిగువ గ్రామమున పొలమెండునట్లు, ఒక దేశమున జరిగిన హాని మరియొక దేశమున లోటుగ కనబడును. కావున ఏ దేశమును తన లెక్కను తానొంటిగ చదివి దాని కారణము నెరుంగజాలదు.

ఒడంబడికలు లేకపోలేదు. చిత్తడినేలల రక్షణకై 1971లో రామ్‌సర్ నగరమున ఒప్పందము కుదిరెను. వలసపక్షులనుగూర్చి ఆస్ట్రేలియా 1974లో జపానుతోను, 1986లో చైనాతోను సంధి చేసికొనెను. తూర్పు ఆసియా–ఆస్ట్రేలేషియా పక్షిమార్గపు భాగస్వామ్యము 2006లో వెలసెను. అవి యుండగనే పూడ్చివేతయు సాగినది. ఏండ్లకొలది సమకూడిన గణనలు, కాలికి కట్టిన రంగుపట్టీలు, ఉపగ్రహ చిత్రములు ఏకవాక్యముగ సాక్ష్యమిచ్చిన పిదపనే చైనా ప్రభుత్వము 2018లో వ్యాపారార్థమైన పూడికలను నిలిపివేసెను. 2019లో చైనా తీరమును, 2021లో కొరియా బురదనేలలును ప్రపంచ వారసత్వస్థలములుగ గుర్తింపు పొందెను. ఒప్పందమునకు ప్రాణము పోసినది సాక్ష్యమే.

ఈ పాఠము మనకును వర్తించును. సైబీరియా, మధ్య ఆసియాల నుండి వచ్చు పక్షులకు కొల్లేరు, పులికాట్ శీతకాలపు నెలవులు; మధ్య ఆసియా పక్షిమార్గము ముప్పది దేశములను కలుపుచున్నది. ఆ మార్గపు పరిరక్షణకు భారతదేశమున సమన్వయకేంద్ర మేర్పరచుటకు 2024లో సమర్ఖండ్ నగరమున జరిగిన వలసజీవుల ఒడంబడిక మహాసభ అంగీకరించినది. జనవరి మాసమున స్వచ్ఛందసేవకులు జరుపు నీటిపక్షుల గణన 1987 నుండియు మనకు కలదు. 2002లో కొల్లేరు రామ్‌సర్ జాబితా కెక్కినది. ఇకమీదట నీటిపక్షుల గణన యే యేడును తప్పక జరుగవలెను, దాని ఫలితములు ఇతర దేశములకును అందవలెను, చేపలచెరువుల అనుమతి మొదలు రేవుల నిర్మాణము వరకు తీరభూమిపై చేయు ప్రతి నిర్ణయమునకును ఆ లెక్కయే గీటురాయి కావలెను. సమన్వయ బాధ్యతను కోరి స్వీకరించిన దేశమునకు, తన చిత్తడినేలలను తానే ముందుగ కాపాడుకొనుట ప్రథమధర్మము.