ఫొటో పెద్దది చేస్తే మసకేస్తోంది!

ప్రశ్న: మా నాన్నగారిది పాస్‌పోర్టు ఫొటో ఒక్కటే ఉంది. స్కాన్ చేసి ఫొటోషాప్‌లో పెద్దది చేస్తే ముఖం మసకేస్తోంది. సంవత్సరీకానికి ఫ్రేము కట్టించాలి. ఏం చేయాలి?
- ఒక పాఠకురాలు, హఫీజ్‌పేట్

జవాబు: స్కాన్‌లో రాని వివరాన్ని ఫొటోషాప్ తేలేదు. ఉన్న చుక్కల మధ్య ఊహించి నింపుతుంది. అందుకే ఆ మసక. అసలు ఫొటోనే 1200 డీపీఐలో మళ్లీ స్కాన్ చేయించండి. 300 డీపీఐలో ప్రింటు తీస్తే నాలుగు రెట్లు పెద్దదవుతుంది. అంటే మూడున్నర సెంటీమీటర్ల వెడల్పు 14 అవుతుంది. జేపీజీని మార్చి సేవ్ చేసిన ప్రతిసారీ కొంత నాణ్యత పోతుంది కాబట్టి టిఫ్‌గా దాచుకోండి. లేయర్‌కు డూప్లికేట్ తీసుకుని, గీతలూ మరకలూ హీలింగ్ బ్రష్‌తో తుడవండి. ఏఐ టూల్స్ ముఖాన్ని తేటగా చూపిస్తాయి కానీ, కళ్లూ పెదవులూ ఊహించి గీస్తాయి. పోలిక మారిపోవచ్చు. ఒకట్రెండు మరకలు మిగిలినా ఫర్వాలేదు, ఫ్రేములో ఉన్నది మీ నాన్నగారే కావాలి కదా!