వంతులు వేసుకుంటే బరువు తగ్గుతుంది

“ఇక ఇంటికి తీసుకుపోండి” అని పెద్దాసుపత్రిలో చెప్పాక క్యాన్సర్ రోగికి మిగిలేది మంచమూ, నొప్పీ. ఇంట్లో ఒకరు కూలి మానుకుని కనిపెట్టుకుని ఉండవలసిందే. చుట్టాలు నాలుగు రోజులు చూసిపోతారు. ఆపైన పలకరించే దిక్కుండదు.

ఈ బాధను ఊరి బాధగా తీసుకున్న ఘనత కేరళది. 1993లో కోజికోడ్ వైద్య కళాశాలలో నొప్పి తగ్గించే క్లినిక్ మొదలయింది. మంచం పట్టినవారు అంతదూరం రాలేరని గ్రహించి, మలప్పురం తదితర జిల్లాల్లో ఊరివారే జట్లు కట్టారు. వారానికి కనీసం 2 గంటలు ఇవ్వగలవారు శిక్షణ పొంది, నర్సుల వెంట ఇళ్లకు వెళ్లారు. చందాలు పోగుచేసి పేద కుటుంబాలకు తిండిగింజలిచ్చారు. 2008లో అక్కడి ప్రభుత్వం ప్రత్యేక విధానమే ప్రకటించింది.

హైదరాబాద్‌లో 2011లో రోటరీవారు నెలకొల్పిన స్పర్శ్ హాస్పిస్ ఉచితంగా సేవ చేస్తోంది. తెలంగాణలో జిల్లా ఆసుపత్రుల్లోనూ ఇటువంటి కేంద్రాలు వెలిశాయి. అయితే నర్సు ఎప్పుడో ఒక పూట రాగలదు. తక్కిన రోజుల మాటేమిటి?

జాలిపడి ఒక్కరే వెళితే పది రోజులకు అలసిపోతారు. పదిమంది వంతులు వేసుకుంటే సేవ ఆగదు. పుండ్లు పడకుండా రోగిని పక్కకు తిప్పడం, ఇంటామె పనికి వెళ్లివచ్చేదాకా కూర్చోవడం ఎవరైనా నేర్వగలరు. మందుల మోతాదు మాత్రం డాక్టరుకే వదలాలి. ఆ ఇంటి గుట్టు వీధిలో పెట్టరాదు. క్యాన్సర్ తాకితే అంటుకోదని అందరూ తెలుసుకోవాలి.

నాట్లకు బదుళ్లు పోయే పల్లెలకు వంతులు కొత్త కావు. యువజన, మహిళా సంఘాలు ముందుకు రావాలి. జిల్లా వైద్యాధికారులు వారికి శిక్షణ ఇప్పించాలి.