బార్కస్ దాకా నడుద్దాం

తమ్ముళ్లూ! ఊరి నుంచి చుట్టాలొస్తే 1591 నాటి చార్మినార్ చూపించి బస్సెక్కించేస్తాం. అది చాలదంటాను. ఇంకో ఆరేడు కిలోమీటర్లు దక్షిణానికి నడవండి. దారిలో కొండ మీద ఫలక్‌నుమా. 1893లో పూర్తయిన ఆ ప్యాలెస్ 2010 నుంచి స్టార్ హోటల్, మనలాంటోళ్ల నడక గేటు దగ్గరే ఆగుతుంది. బార్కస్‌కు గేటు లేదు. నిజాం కొలువుకు యెమెన్ నుంచి వచ్చిన అరబ్బు సిపాయిల బ్యారక్సే జనం నోట బార్కస్ అయింది. వాళ్ల మనవలు ఇప్పటికీ అక్కడే, లుంగీలు కట్టుకుని, హరీస్ వండుకుంటూ ఉన్నారు. రాజుల కట్టడాలకు బోర్డులున్నాయి, సిపాయిల వాడకు ఎందుకుండకూడదు?

మా నాన్న తాపీమేస్త్రి. పీజీలో చేరాక తీసుకెళ్లాను. ప్యాలెస్ వంక ఊరికే చూశాడు. బార్కస్ సందులో మాత్రం ఓ పాత సున్నపు గోడను అరచేత్తో తడిమి, "కట్టినోడు పనోడురా" అన్నాడు.