విదేశాంగశాఖయు మన యూళ్లును

పరదేశములతో వ్యవహరించుట మంత్రులకును రాయబారులకును చెందిన పనియనియు, కొల్లేటి లంకలలోని వారికి దానితో సంబంధము లేదనియు మనలో పెక్కుమంది తలంతురు. ఒకప్పుడు పరిస్థితి యట్లే యుండెను. 1766వ సంవత్సరమున నిజాముప్రభువునకును ఇంగ్లీషు కంపెనీకిని జరిగిన సంధివలన ఏలూరు సర్కారు కంపెనీవశమైనప్పుడు, ఇచ్చటి రైతును సమ్మతి యడిగినవారు లేరు. 1783వ సంవత్సరము సెప్టెంబరు 13వ తేదీని, రహస్యరాజకీయ కార్యముల నిమిత్తమై కలకత్తాలో నొక ప్రత్యేకశాఖ యుండవలెనని ఆ కంపెనీవారు తీర్మానించిరి. నేటి మన విదేశాంగశాఖకు పూర్వరూప మదియే. అయినను నేటి శాఖ కంపెనీది కాదు, మనది. దాని పని యెట్లు జరుగుచున్నదని యడుగుట మన విధి.

దాని యేర్పాటును మొదట గ్రహింతము. ఢిల్లీలో విదేశాంగమంత్రియు, ఆయన క్రింద కార్యదర్శులును ఉందురు. ప్రపంచమును భూభాగములుగా పంచుకొని పనిచేయు విభాగములును, పాసుపోర్టులకును వలసవెళ్లువారి రక్షణకును వేఱు విభాగములును కలవు. పరదేశములలో రాయబారి యచ్చటి ప్రభుత్వముతో మాటాడును; కాన్సలు అచ్చటనున్న మనవారి మంచిచెడ్డలు చూచును. ఈ పనికై ఇండియన్ ఫారిన్ సర్వీసును స్థాపింప 1946వ సంవత్సరము అక్టోబరులో నిర్ణయించిరి. ఇంత పెద్ద దేశమునకు ఆ సర్వీసు అధికారుల సంఖ్య 2023వ సంవత్సరమున సుమారు 1,011 మాత్రమే. ఇది చాలదని పార్లమెంటు స్థాయీసంఘము ఆ యేడే విన్నవించినది.

రాయబారుల విందులకు మన పన్నులేల యని కొందఱందురు. 2023-24 బడ్జెటులో విదేశాంగశాఖకు దక్కినది నూరు రూపాయలకు సుమారు నలువది పైసలు. అందులోను గణనీయమైన భాగము పొరుగుదేశముల సహాయమునకు పోవును. కావున మనము విచారింపవలసినది ఖర్చు మిక్కుటమైనదని కాదు. ఆ నలువది పైసల ఫలము మన వీధివఱకు వచ్చుచున్నదా యని.

మన సీమకు పరదేశములతో గల సంబంధము చిన్నది కాదు. 2025వ సంవత్సరము ఆగస్టు 27వ తేదీ నుండి మన సరకులలో పెక్కింటిపై అమెరికా నూటికి 50 వంతున అదనపు సుంకము వేసినప్పుడు, రొయ్యల చెరువుల గట్లమీదనే ధర పడిపోయినది. కువైటు, ఓమను మొదలగు దేశములకు ఇంటిపనికై పోవు స్త్రీలు గోదావరి జిల్లాలలో ననేకులు కలరు. తాడేపల్లిగూడెము స్టేషనులో పెట్టెలతో నిలిచిన తల్లులను, వారి కొంగు వదలని పిల్లలను చూడనివారు మనలో నుండరు. 1990వ సంవత్సరమున ఇరాకు సైన్యము కువైటును ఆక్రమించినప్పుడు మన ప్రభుత్వము సుమారు 1,70,000 మందిని జోర్డాను రాజధానియగు అమ్మాను మీదుగా విమానములలో స్వదేశమునకు చేర్చినది. శాఖ తలచినచో నెంత చేయగలదో దీనివలన తెలియుచున్నది.

అయితే విపత్తు అందఱికి నొక్కసారి వచ్చునది మాత్రమే కాదు. ఒక్కొక్కరికి వేఱువేఱుగను వచ్చును. కొన్నేండ్ల క్రిందట మా తరగతిలోని యొక బాలుడు నాయొద్దకు వచ్చి, తన తల్లి పరదేశమున నొక యింట చిక్కుకొన్నదని యేడ్చెను. ఆమె పని వీసా మీద గాక, చూచివచ్చుటకిచ్చు వీసా మీద ఒక దళారి మాట నమ్మి పోయినది. ప్రభుత్వము 2015వ సంవత్సరమున నేర్పరచిన "మదద్" అను ఫిర్యాదు విధానము ద్వారా మేమిరువురము విన్నపము పంపితిమి. పాసుపోర్టు సంఖ్య యేది, యజమాని పేరేది, చిరునామా యేది యని యడిగిరి. బాలునియొద్ద నున్నది ఒక ఫోను సంఖ్య మాత్రమే. ఆమె తిరిగి వచ్చుటకు పెక్కు నెలలు పట్టినది. ఆ మూడు సంగతులును ఇంటిలో వ్రాసియుంచినయెడల ఇంత కాలము పట్టియుండదని నా నమ్మకము.

ఇచ్చట మా పాఠశాలకు తగులు మాట యొకటి చెప్పవలెను. 1983వ సంవత్సరపు వలస చట్టము ననుసరించి, పదవ తరగతి తప్పినవారు గల్ఫు మొదలగు కొన్ని దేశములకు పనికై పోవుటకు ముందు ప్రభుత్వానుమతి పొందవలెను. ఒప్పందమును, ఏజెంటు లైసెన్సును పరీక్షింతురు. పది లక్షల రూపాయల ప్రమాదభీమా యుండవలెను. ముప్పది యేండ్లు నిండని స్త్రీకి ఇంటిపనికై అనుమతి యియ్యరు. పదవ తరగతిలో నుత్తీర్ణులైన వారికి ఈ అనుమతి యక్కరలేదు. అనగా మేమిచ్చు పట్టాను చూచి, ఇతడు తన్ను తాను కాపాడుకొనగలడని ప్రభుత్వము నమ్ముచున్నది. ఆ నమ్మికకు తగిన చదువు మేము చెప్పుచున్నామా? కువైటు ఎచ్చటనున్నదో పటములో చూపుచున్నాము. ఒప్పందమును సంతకమునకు ముందు చదువవలెనని చెప్పుచున్నామా? 1963వ సంవత్సరపు వియన్నా ఒడంబడికలో చేరిన దేశములలో, నిర్బంధింపబడిన పరదేశి కోరినయెడల అతని దేశపు కాన్సలునకు వార్త పంపవలెనని యెంతమంది బాలురకు తెలియును?

కావున నా యభిప్రాయమిది. ప్రభుత్వము కాన్సలు కార్యాలయములలో పనివారిని, ముఖ్యముగా తెలుగు తెలిసినవారిని, హెచ్చింపవలెను. వలసవెళ్లువారికి ప్రయాణమునకు ముందే యిచ్చు శిక్షణ తాలూకాతాలూకాకును రావలెను. పాఠశాలలు పై తరగతులలో నెలకొక గంటయైనను దీనికై కేటాయింపవలెను. తల్లిదండ్రులారా! ఇంటినుండి పరదేశమునకు పోవువారి పాసుపోర్టు నకలును, ఒప్పందపు నకలును, యజమాని చిరునామాను ఇంటిలో భద్రపఱచుడు. విద్యార్థులారా! మీలో నొకరైనను ఫారిన్ సర్వీసు పరీక్షకు చదువుడు. కొల్లేటి భాషలో మొఱపెట్టుకొను తల్లికి ఆ భాషలోనే బదులు చెప్పగల యధికారి యచ్చట నొకడుండవలెను.

నేను చెప్పిన బాలుడు ఈ యేడు పదవ తరగతి పరీక్షకు కూర్చుండుచున్నాడు. ఉత్తీర్ణుడైన మఱునాడు చట్టము వానిని కాపుదల యక్కరలేనివానిగా నెంచును. ఆ దినమునకు వానిని సిద్ధపఱచుట మా పని.